ముప్ఫై ఫ్లాట్లు

ఆదివారం పొద్దున కాఫీ చల్లారేలోగా టెలిస్కోపు సంగతి తేల్చేయాలని మునిప్రసాద్ నిశ్చయించుకున్నాడు. ఆయన తిరుపతిలో డ్రాయింగు మాస్టారు. ఎక్కడో చుక్కల మధ్య గుర్రం తల ఆకారంలో ఉండే నల్లటి మబ్బును తన చేత్తో ఫోటో తీయాలని రెండేళ్లుగా ఒకటే కోరిక. ఏ సామాను కొన్నా పెట్టుకోవాల్సింది అపార్ట్‌మెంటు మిద్దె మీదే. ఆ తాళంచెవేమో సెక్రటరీ రాజారత్నం మొలతాడుకు వేలాడుతోంది. బిల్డరు పైన ఇంకో అంతస్తు లేపుతాడేమోనన్న భయంతో ఆయన మిద్దె మీద వడియాలు కూడా ఎండబెట్టనివ్వడు. మిద్దె తాళం కోసం మునిప్రసాద్ పెట్టుకున్న అర్జీని మాత్రం మూడు నెలలుగా బాగా ఎండబెడుతున్నాడు.

బాల్కనీలో నిలబడి, ఈ విద్యలో ఆరితేరిన చిత్తూరు స్నేహితుడు భానుచందర్‌కు ఫోన్ చేశాడు.

"పెద్ద గొట్టం వద్దబ్బా! గొట్టం చిన్నదైనా దాన్ని మోసే మౌంటు గట్టిగా ఉండాల. అది ఊగితే చుక్కలు పురుగుల మాదిరి పడతాయి. ఇంగోటి, లెన్సు మీద దుమ్ము మచ్చలు పోవాలంటే గొట్టం మూతికి తెల్లగుడ్డ కప్పి ఉత్త తెల్ల ఫోటోలు తీసుకోవాల. వాటినే ఫ్లాట్లంటాం."

"ఎన్ని తీసుకోవాల?"

"ముప్ఫై."

"ముప్ఫై ఫ్లాట్లా!" మునిప్రసాద్ గొంతు హుషారుగా లేచింది. "ఓస్, ఒక్క పొద్దున్లో తీసుకుంటా!"

పక్క బాల్కనీలో గుడ్డలారేస్తున్న కోమలి చేతిలో చీర చేతిలోనే ఉండిపోయింది. అయిదు నిమిషాల్లో ఆ మాట లిఫ్టు లేకుండానే నాలుగంతస్తులూ దిగింది. ఒకరింట్లో మునిప్రసాద్‌కు లాటరీ తగిలింది. ఇంకొకరింట్లో ఆయన తాత పొలంలో లంకెబిందెలు దొరికాయి.

"మాకొక మాట సెప్పకూడదా అక్కా?" అని కోమలి, మునిప్రసాద్ భార్య సుజన దగ్గరకే వచ్చి నిష్ఠూరమాడింది. సుజనకు సంగతేమిటో అర్థం కాలేదు. మొగుడు తనకు చెప్పకుండా ఏదో చేశాడన్నది మాత్రం వెంటనే నమ్మేసింది.

పదింటికి రాజారత్నమే అరటిపళ్లతో వచ్చాడు. అపార్ట్‌మెంటులో ఉన్నవే ఇరవై నాలుగిళ్లు, ముప్ఫై కొనేవాడితో మనకు పేచీ ఎందుకని ఆయన లెక్క.

"ఫ్లాట్లు యాడ తీసుకుంటా ఉండారు సార్?"

సెక్రటరీకి ఖగోళం కూడా తెలుసని మునిప్రసాద్ మురిసిపోయాడు. "యాడో ఎందుకన్నా? మన మిద్దె మీదనే!"

రాజారత్నం మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "ముప్ఫయ్యీనా? ఎన్నాళ్లు పడతాది?"

"నాళ్లేందన్నా! తెల్లారుతానే నా తెల్ల పంచె కప్పి, ఒక్కోటి రెండు సెకండ్లలో తీసేస్తా."

"మరి పునాది?"

"సిమెంటు దిమ్మె ఒకటి పోస్తే సాలు. బరువంతా అదే మోస్తాది."

"మున్సిపాలిటీ వాళ్లు ఊరుకుంటారా?"

"వాళ్లకేం పని? మీరు బీగంచెవి ఇస్తే సాలు."

అరటిపళ్లు వదిలేసి రాజారత్నం మెట్లమీద కేకలు పెడుతూ దిగాడు. పావుగంటలో తక్కిన ఇళ్ల వాళ్లంతా కింద చేరి, మొగుడూ పెళ్లాలను పిలిపించి, "మా నెత్తిన మేడలు కడతావా?" అంటూ మునిప్రసాద్ మీద విరుచుకుపడ్డారు. అప్పటికి గానీ ఆయనకు బుర్ర వెలగలేదు.

"ఫ్లాటంటే ఇల్లు కాదు సామీ! ఏమీ లేని తెల్ల ఫోటో!"

"ఏమీ లేనిదాన్ని ముప్ఫైసార్లు తీసేదానికా, పొద్దున్నుంచీ నా పరువు తీస్తిరి?" అంది సుజన.

అందరూ పగలబడి నవ్వారు, రాజారత్నం తప్ప. ఇక తాళంచెవి ఆశ వదులుకోవాల్సిందేనని మునిప్రసాద్ ప్రాణం ఉసూరుమంది.

"ఆ దిమ్మె మిద్దెకు నట్టనడుమ పోస్తే," అన్నాడు రాజారత్నం మెల్లగా, "రేపు బిల్డరు పైన అంతస్తు లేపుతానంటే అడ్డం పడతాదా?"

"పడతాది మరి!"

రాజారత్నం మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, అందరి ఎదుటా ఆయన చేతిలో పెట్టాడు. "కమ్మీలేసి పోయించు సార్. ఏనుగొచ్చినా కదలకూడదు."

మునిప్రసాద్‌కు కళ్లనీళ్లు తిరిగాయి. చిన్న గొట్టం, గట్టి మౌంటు అప్పటికప్పుడే ఆర్డరు పెట్టాడు. దిమ్మె ఆరింది. మౌంటు వచ్చి దానిమీద కూర్చుంది. ఆ సాయంత్రమే బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది. కార్తీకమంతా ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉండిపోయింది.

గుర్రం తల మాత్రం కనబడలేదు గానీ, ఫ్లాట్లు ముప్ఫై కాదు, మూడొందలు తీసుకున్నాడు.