బ్యాగు లైనింగులో తండ్రి ప్రేమ

పిల్లల్ని నమ్మే తల్లిదండ్రులంటే నాకు జాలి.

అవునండీ, జాలే! బిడ్డను బస్సెక్కించి, చెయ్యి ఊపి, ఇంటికొచ్చి హాయిగా కడుపు నిండా అన్నం తినేవాళ్లున్నారు. మ్యాపు మీద నీలం చుక్కను చూస్తూ బతకడంలోని ఆనందం వాళ్లకేం తెలుసు? పూర్వం తండ్రులు ఎలా బతికారో నాకు అర్థం కాదు. పిల్ల ఎక్కడుందో తెలియకపోతే, వస్తుందిలే అని ఊరుకునేవారట. ఎంత మొరటు కాలం!

నేను టైలర్ని. నాకు ఒక్కతే కూతురు, ఏడో తరగతి. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల సముద్రమూ మ్యూజియమూ చూపిస్తామని బడివాళ్లు ఐదు రోజుల టూర్ పెట్టారు. పిల్లలెవరూ ఫోన్ తేకూడదు, దొరికితే అక్కణ్నుంచే వెనక్కి పంపించేస్తామని కాగితం మీద అచ్చు వేసి, నా చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. పెట్టాను. పెట్టిన చేత్తోనే ఆ సాయంత్రం పిల్ల బ్యాగు లైనింగు విప్పి, నా పాత ఫోన్ సైలెంట్ చేసి లోపల దూర్చి, మళ్లీ కుట్టేశాను. పిల్లకి చెప్పలేదు. ప్రేమ చెప్పి చేసేదా?

అక్కడితో ఆగానా? ప్రతి గౌనుకీ, తువ్వాలుకీ, ఆఖరికి సాక్సులకీ నా నంబరు రాసిన లేబుల్ కుట్టాను. జతకొకటి కాదు, ఒక్కో సాక్సుకీ ఒక్కోటి. పాపం ఒక సాక్సు ఒంటరిగా తప్పిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలియద్దూ!

మా ఆవిడ నర్సు. ఎప్పుడు కంగారుపడాలో, ఎప్పుడు అక్కర్లేదో ఆవిడకు తెలుసు. అదే ఆవిడలో ఉన్న లోపం. "టూర్‌కి వెళ్లింది అదా, మీరా?" అని ఒక్క మాట అనేసి డ్యూటీకి వెళ్లిపోయింది. లైనింగు సంగతి ఆవిడకీ చెప్పలేదు. చెబితే ఏమంటుందో నాకు తెలుసు.

ఇక ఆ ఐదు రోజుల వైభవం ఏమని చెప్పను! కుడి చెయ్యి మిషన్ మీద, రెండు కళ్లూ ఫోన్ మీద. చుక్క కదిలితే నా ప్రాణం కదిలేది, చుక్క ఆగితే మిషన్ ఆగేది. ఎదురింటి ఆవిడ జాకెట్టుకి రెండు చేతులూ కుడివైపువే పడ్డాయి. లెక్కల మాస్టారి ప్యాంటుకి రెండు జేబులూ మూసి కుట్టేశాను. "చేతులెక్కడ పెట్టుకోమంటావయ్యా?" అని ఆయన నిలదీస్తే, చేతులు కట్టుకుని నడిస్తే వెన్ను నిటారుగా ఉంటుందని చెప్పి పంపించాను. ఇంత చురుగ్గా నేనెప్పుడూ పని చెయ్యలేదు.

మరో అద్భుతం వినండి. ఆ పాత ఫోన్ ఇంట్లో ఉన్నప్పుడు ఒక్క పూట చార్జింగ్ నిలిచేది కాదు. రెండో రోజుకి చుక్క ఆరిపోతుందని గుండె రాయి చేసుకున్నాను. ఆరలేదు! ఐదు రోజులూ బ్యాటరీ నూటికి నూరు. సముద్రం గాలి మహత్యం అనుకున్నాను. సైన్సు చదువుకోకపోవడం వల్ల నాకెప్పుడూ సమాధానాలకి కొదవ లేదు.

చుక్క నడవడిక మాత్రం నాకు నచ్చలేదు. మొదటి రోజు టీకొట్టు దగ్గర గంటసేపు ఆగింది. మా పిల్ల టీ తాగదే! రెండో రోజు పంచర్ షాపు. అదే సమయానికి టీచరమ్మ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మ్యూజియం ఫొటో పెట్టింది. అందులో మా పిల్ల పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఫొటో పొద్దున తీసిందై ఉంటుంది, చుక్క అబద్ధమాడదు అనుకున్నాను.

మూడో రోజు చుక్క వెళ్లి జెంట్స్ సెలూన్లో కూర్చుంది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు, గంట! మా పిల్ల రెండు జడలూ నా కళ్ల ముందు మెదిలాయి. ఇక ఆగలేక టీచరమ్మకి ఫోన్ చేశాను.

"మేడమ్, మా అమ్మాయి గంట నుంచీ మగాళ్ల సెలూన్లో ఏం చేస్తోందండీ?"

"మీ అమ్మాయి నా పక్కనే ఇసుకలో ఆడుకుంటోందండీ. అయినా ఇక్కడ సెలూన్ ఉందని మీకెలా తెలుసు?"

ఫోన్ పెట్టేశాను. నా గొయ్యి నేనే తవ్వుకున్నా పరవాలేదు, పిల్ల గొయ్యి తవ్వాను కదా! ఆ సాయంత్రం గ్రూపులో మెసేజ్ వచ్చింది: అందరి బ్యాగులూ చెక్ చేశాం, ఏమీ దొరకలేదు. నా కుట్టుకి నేనే దండం పెట్టుకున్నాను. పోలీసులకి కూడా దొరకని కుట్టు!

ఐదో రోజు సాయంత్రం బస్సొచ్చింది. పిల్ల దిగింది, నల్లబడింది, జడలు రెండూ ఉన్నాయి. వెనకాలే డ్రైవర్ దిగాడు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు. జేబులోంచి నా పాత ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"డ్రైవర్ బాబాయ్‌కి థాంక్స్ చెప్పు నాన్నా, రోజూ తనే చార్జింగ్ పెట్టాడు" అంది పిల్ల.

నేను బ్యాగు లాక్కుని లైనింగు తడిమి చూశాను.

"నీలం లైనింగుకి నల్ల దారం వేస్తారా ఎవరైనా? బస్సు ఊరు దాటకముందే కనిపెట్టేశా. మన షాపులో విప్పినట్టే గుడ్డ చిరక్కుండా విప్పా."

"మరి... స్విచ్ ఆఫ్ చేసెయ్యాల్సింది కదమ్మా."

"చేద్దామనే అనుకున్నా. కానీ చుక్క కనపడకపోతే నువ్వు అన్నం మానేస్తావుగా! అందుకే ఆన్‌లోనే ఉంచమని బాబాయ్‌కి ఇచ్చేశా."

అంటే ఐదు రోజుల పాటు నేను కంటికి రెప్పలా కాపాడింది ఒక మీసాల పెద్దమనిషిని. ఆయన ఏ కొట్లో టీ తాగాడో, ఎన్నింటికి నిద్రపోయాడో వాళ్లావిడకన్నా నాకే బాగా తెలుసు. నా కూతురి గురించి మాత్రం నాకు తెలిసింది ఒక్కటే, అదీ అది చెబితే తెలిసింది. అక్కడే, బస్సు పక్కనే నాకు ఏడుపొచ్చింది. దుమ్మని చెప్పాను.

పిల్లల్ని నమ్మే తల్లిదండ్రులంటే నాకు ఇప్పటికీ జాలే. తమ కోసం పిల్లలెంత కంగారుపడతారో పాపం వాళ్లకి ఏనాటికీ తెలియదు!