ఎనిమిది సెకన్ల మూతివిరుపు

ఆదివారం పొద్దున సురేంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా వీడియో గ్రూపులో పెట్టడం, ఎనిమిదింటికి రెండు పెసరట్లు తినడం, తొమ్మిదింటికి ముసుగుతన్ని మధ్యాహ్నం దాకా నిద్రపోవడం. ముందురోజు మంగళగిరిలో అన్న కొడుకు చైతన్యకృష్ణ నిశ్చితార్థానికి కెమెరా మోసిన నొప్పి ఇంకా భుజాల్లోనే ఉంది. ఇందులో ఎవరికీ నష్టం కలిగించే అంశం ఏదీ లేదు. కానీ ఆ కెమెరా కొత్తది. తంటా అంతా అక్కడే వచ్చింది.

సత్తెనపల్లిలో సురేంద్రది ఫొటో స్టూడియో. ఆ కెమెరా సినిమావాళ్లు వాడేంత పెద్దదీ కాదు, అందరూ పెళ్లిళ్లకు తెచ్చేంత చిన్నదీ కాదు. సెకనుకు నూట ఇరవై బొమ్మలు తీసి, వాటిని నింపాదిగా చూపిస్తుంది. సెకనున్నరలో జరిగిపోయేది అందులో ఎనిమిది సెకన్లు సాగుతుంది. అది వచ్చినప్పటినుంచీ ఇంట్లోవాళ్లకు మనశ్శాంతి లేదు. గేదె చెవి విదిలిస్తే స్లోమోషన్. అట్టు తిరగేస్తే స్లోమోషన్. అన్న వెంకయ్య పళ్లు తోముకుని పుక్కిలించి ఉమ్మితే, దానికి వీణ సంగీతం కలిపి స్టేటస్ పెట్టాడు. "ఒరేయ్, మనిషిని మనిషిలా బతకనివ్వరా!" అని వెంకయ్య మొత్తుకున్నాడు. వింటేగా!

ఈ సంబంధం సంగతి కూడా కాస్త చెప్పాలి. చైతన్య, ధనశ్రీ గుంటూరులో ఒకే కాలేజీలో పాఠాలు చెబుతారు. ఒకరినొకరు ఇష్టపడ్డారు. అబ్బాయిది సత్తెనపల్లి పక్క పల్లెలో మిరప వేసే ఇల్లు, అమ్మాయిది మంగళగిరిలో మగ్గం ఇల్లు. కులాలు వేరు. రెండువైపులా పెద్దలు ఏడాదిపాటు తలలు పట్టుకుని చివరికి సరేనన్నారు. సరేనన్నారే గాని, అవతలివాళ్లు తమను తక్కువగా చూస్తున్నారేమోనన్న అనుమానం ఎవరికీ పోలేదు. తుమ్మితే ఊడే ముక్కులాంటి సంబంధం.

నిశ్చితార్థంలో పిల్ల తండ్రి పానకాలు, తాను స్వయంగా నేసిన వంగపండు రంగు చీరను వియ్యపురాలు, సురేంద్ర వదిన సుబ్బరావమ్మ చేతుల్లో పెట్టాడు. సురేంద్ర ఆ ముక్కను స్లోమోషన్‌లో తీశాడు. ఫోకస్ అంతా జరీ అంచు మీదే. ఆ మెరుపు చూసుకుని సంబరం పట్టలేక ఆ ముక్కనే మూడుసార్లు వేశాడు. ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా, ఒకసారి ఇంకా దగ్గరగా. వెనకాల వయొలిన్. చీర పైన ఒక మనిషి మొహం కూడా ఉందన్న సంగతి ఆ మహానుభావుడు చూసుకోలేదు.

రెండువైపులా బంధువులు నూట నలభైమంది ఉన్న గ్రూపులో ఏడింటికి వీడియో పడింది. ఏడూ ఇరవైకి ఫోన్ మోగింది. పానకాలు అక్క, కోటేశ్వరి.

"సురేంద్రగారూ, వీడియో చూశామండి. బాగా తీశారు. చాలా బాగా తీశారు."

"థాంక్సండీ, అది కొత్త కెమెరా..."

"మీ వదినగారు మూతి తిప్పడం ఎంత స్పష్టంగా తీశారండీ! మూడుసార్లు తిప్పారావిడ!"

"మూతా?"

"చీర చేతిలో పడగానే. ఎడంపక్కకి. మా కోడలి చేత కూడా లెక్కపెట్టించాను."

సురేంద్ర పెసరట్ల మాట మరిచి వీడియో తెరిచాడు. చీర చేతిలో పడింది. వదిన పైపెదవి మెల్లగా లేచింది. ముక్కుపుటాలు విప్పారాయి. కళ్లు సగం మూతపడ్డాయి. ఆ తర్వాత మూతి ఎడమ చెవి వైపు ప్రయాణం కట్టి, తొందరేమీ లేకుండా అక్కడికి చేరుకుంది. మూడురోజుల నాటి చేపలపులుసు మూత తీసినట్టుంది ఆవిడ వాలకం. అంతలో వయొలిన్ పైస్థాయికి వెళ్లింది. చూస్తున్న సురేంద్రకే ఒళ్లు మండింది.

వెంటనే వీడియో తీసేశాడు. అది మొదటి తప్పు. తప్పు చేయనివాళ్లు ఎందుకు తీసేస్తారని మంగళగిరివాళ్లు గ్రూపులో అడిగారు. వాళ్లలో నలుగురు అప్పటికే దాచుకుని ఉన్నారు కూడా. పోనీ జరిగింది జరిగినట్టు చూపిద్దామని అదే ముక్కను మామూలు వేగానికి తెచ్చి పెట్టాడు. అది రెండో తప్పు. నింపాదిగా తిరిగిన మూతి ఇప్పుడు ఛీ అన్నట్టు చటుక్కున తిరిగింది.

"సౌండేదండీ?" అని కోటేశ్వరి మళ్లీ ఫోన్ చేసింది. "ఆవిడ ఏదో అంది. మీరు కట్ చేశారు."

"స్లోమోషన్‌లో ఈ కెమెరాకి సౌండ్ పడదండీ. నిజంగానండీ!"

"మా మనవడు ఆడుకునే బొమ్మఫోనులో కూడా సౌండొస్తుందండీ. ఎవరికి చెప్తారు?"

ఎనిమిదిన్నరకు ధనశ్రీ చేసింది. ఆ పిల్ల గొంతు వినగానే సురేంద్రకు విషయం తన చేతులు దాటిపోయిందని అర్థమైంది.

"మావయ్యగారూ, నాన్న పొద్దున్నుంచి మగ్గం గుంటలోకి దిగలేదండీ. ఆ చీర పద్దెనిమిది రోజులు నేశారు. నచ్చకపోతే పక్కకి పిలిచి చెప్పొచ్చుగా, అంతమందిలో అంత నింపాదిగా మూతి తిప్పాలా అంటున్నారు."

"ఆ నింపాది ఆవిడది కాదమ్మా తల్లీ, నాది!"

"మా కోటేశ్వరి అత్తయ్య ఆయన్ని వెంటబెట్టుకుని మీ ఊరు బయల్దేరింది. చీర వెనక్కి తెచ్చేసుకుంటారట. చీర వెనక్కొస్తే తాంబూలాలు కూడా వెనక్కొచ్చినట్టేగా మావయ్యగారూ?" అంటూనే ఏడ్చేసింది.

ఇక నిద్రేమిటి? కెమెరా భుజాన వేసుకుని బండి మీద అన్న ఇంటికి ఉరికాడు. ఇంటి వెనకే కల్లం. కోసిన మిరపకాయ ఎర్రగా పరిచి ఉంది. కూలి ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, రంగు వెలిసిన తాలుకాయ ఏరుతున్నారు. సుబ్బరావమ్మ మాత్రం ఏ గుడ్డా లేకుండా వాళ్ల మధ్యలో నిలబడి అజమాయిషీ చేస్తోంది.

"వదినా! నిన్న చీర చూసి మూతెందుకు తిప్పావు?"

"నేనెక్కడ తిప్పాను?"

ఫోన్ చూపించాడు. సుబ్బరావమ్మ కళ్లజోడు సవరించుకుని మొదటిసారి చూసింది, రెండోసారి చూసింది, మూడోసారీ చూసింది.

"ఎవర్రా ఈవిడ?" అంది.

"నువ్వే వదినా!"

ఆవిడ మొహం మాడిపోయింది. మరిది చెయ్యి పట్టుకుని గడ్డివాము పక్కకు లాక్కుపోయింది. అటూ ఇటూ చూసింది. "తుమ్మురా," అంది గుసగుసగా.

"ఏంటీ?"

"మెల్లగా మాట్లాడు. పొద్దున్నే కల్లంలో కాయ తిరగేసి, తలంటు పోసుకుని మంగళగిరొచ్చాను. ముక్కులో ఘాటు ఎక్కడికి పోద్ది? పంతులుగారు లగ్నపత్రిక చదువుతున్నాడు, ఆయన చీర చేతిలో పెట్టాడు, సరిగ్గా అప్పుడే వచ్చింది. నాలిక కొరుక్కుని మింగేశాను."

"తుమ్మేస్తే పోయేదిగా!"

"లగ్నపత్రిక చదువుతుంటే ఒంటి తుమ్మా? నా కొడుకు పెళ్లికా? నీకు బుద్ధుందిరా?"

"సరే, ఆ మాటే వాళ్లకి చెప్పేద్దాం."

"చెప్పి? ఆ కోటేశ్వరి సంగతి నీకు తెలీదూ? నిన్న గుమ్మంలో పిల్లి కనపడిందని అరగంట తాంబూలాలు ఆపింది. తుమ్మని తెలిస్తే సంబంధమే వద్దంటది. మూతి తిప్పాననుకుంటే నాలుగురోజులు తిట్టుకుని ఊరుకుంటారు. తిట్టనీ."

"ఊరుకోరు వదినా! చీర తీసుకుపోవడానికి దార్లో ఉన్నారు!"

సుబ్బరావమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తుమ్మన్నా పెళ్లి పోయేట్టుంది, తుమ్ము కాదన్నా పోయేట్టుంది. "నోరెత్తావంటే నా మీద ఒట్టే," అని మాత్రం అనగలిగింది. అంతలో గేటు ముందు ఆటో ఆగింది.

ముందు కోటేశ్వరి దిగింది. వెనక పానకాలు. సన్నటి మనిషి, గొంతు పెంచి మాట్లాడటం ఎరగడు. వెంకయ్య ఎదురెళ్లి, "రండి బావగారూ, చెప్పా పెట్టకుండా ఇలా... భోజనాలు చేసి వెళ్దురుగాని," అన్నాడు. ఆయనకున్నది బటన్ల ఫోను. ఆ పొద్దున ప్రశాంతంగా పెసరట్లు తిన్నది ఆయనొక్కడే.

"భోజనానికి రాలేదు బావగారూ," అన్నాడు పానకాలు. సుబ్బరావమ్మ వైపు తిరిగాడు గాని తలెత్తలేదు. "అక్కయ్యగారూ, మీకు నచ్చని వస్తువు మీ ఇంట్లో ఉండొద్దండి. ఆ చీర ఇప్పించండి. మావాళ్లందరి ముందు... పోనీలెండి. ఇప్పించండి."

ఆ మనిషి అరిచినా బాగుండేది. సుబ్బరావమ్మకు కళ్లు చెమర్చాయి. "నచ్చకపోవడమేంటి అన్నయ్యగారూ," అంటుండగానే కోటేశ్వరి అందుకుంది.

"మరి ఆ మూతేంటి వదినగారూ?"

"ఏం మూతి? ఎవరి మూతి? నాకెవరూ ఏమీ చెప్పరేంటి?" అన్నాడు వెంకయ్య. అప్పుడు కూడా ఎవరూ చెప్పలేదు.

ఒట్టు మధ్యలో ఇరుక్కున్న సురేంద్రకు నోటికొచ్చిన అబద్ధం ఒకటే. "తప్పు కెమెరాదండీ! ఇందులో ఎవరు పడినా మూతి తిప్పినట్టే కనపడతారు!"

"ఓహో. అయితే నన్ను తీయండి," అని కోటేశ్వరి నడుం బిగించింది. "అదే చీర పట్టుకుంటాను. నా మూతి తిరుగుద్దేమో చూద్దాం. తిరక్కపోతే చీరతో ఆటో ఎక్కుతాం."

సుబ్బరావమ్మ ఇంట్లోకెళ్లి దేవుడిగూట్లో పెట్టిన చీర తెచ్చింది. దాని మడత మీద కుంకుమబొట్టు ఉంది. పానకాలు ఆ బొట్టు వంక చూశాడు. కోటేశ్వరి చీర రెండు చేతుల్లో పట్టుకుని, వెలుతురు బాగుందని కల్లం అంచున నిలబడి గడ్డం పైకెత్తింది. సురేంద్ర మనసులో తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకుంటూ బటన్ నొక్కాడు.

దేవుళ్లు విన్నారో, గాలే తిరిగిందో. తాలుకాయ కుప్పను పక్కకు లాగుతున్నారు. తేజ రకం కాయ, ఘాటు మామూలుగా ఉండదు. అలవాటున్న కూలివాళ్లే మొహాలు తిప్పుకున్నారు. మగ్గం ఇంట్లో పుట్టి పెరిగిన కోటేశ్వరి మాత్రం పంతం కొద్దీ కదల్లేదు. కదల్లేదు గాని, ఆవిడ పైపెదవి కదిలింది.

కెమెరాకున్న చిన్న తెర చుట్టూ ఐదు తలకాయలు మూగాయి. కోటేశ్వరి పైపెదవి మెల్లగా లేచింది. ముక్కుపుటాలు విప్పారాయి. కళ్లు సగం మూతపడ్డాయి. మూతి తాపీగా బయల్దేరి ఎడమ చెవి చేరుకుంది. నిన్నటి మూతికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు.

"అక్కా," అన్నాడు పానకాలు దీనంగా. "నా చీరకి నువ్వు కూడానా?"

"కాదురా వెధవా! తుమ్మురా అది! వస్తుంటే ఆపుకున్నాను!"

అనేసి, తానన్నది తానే విని ఆగిపోయింది. అందరి తలలూ సుబ్బరావమ్మ వైపు తిరిగాయి. ఆవిడ మిరపకాయల వంక చూస్తూ, "నేనైతే ఎవరితోనూ ఏమీ అనలేదు," అంది.

"అంటే నిన్న..." కోటేశ్వరి గుండె మీద చెయ్యేసుకుంది. "లగ్నపత్రిక చదువుతున్నప్పుడా? ఒంటి తుమ్మా?"

"రాలేదుగా! మింగేశాను!"

"మింగినా వచ్చినట్టే వదినగారూ!"

"ఎట్టా వచ్చినట్టు? మింగితే రానట్టే!"

"లోపలి తుమ్ము ఇంకా చెడ్డదండీ. ఒరేయ్ పానకాలూ, పదరా. ఈ సంబంధం మనకి..."

అప్పుడు తుమ్మాడు పానకాలు. వచ్చినప్పటినుంచీ ఆ ఘాటులోనే నిలబడి ఉన్నాడు పాపం. అంత సన్నటి మనిషిలోంచి అంత తుమ్ము వస్తుందని ఎవరూ అనుకోలేదు. చూరు మీది పావురాళ్లు లేచిపోయాయి.

"చిరంజీవ," అంది సుబ్బరావమ్మ అప్రయత్నంగా.

పానకాలు కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. అక్క చేతిలోంచి చీర తీసుకుని మడత సరిచేసి, మళ్లీ సుబ్బరావమ్మ చేతుల్లోనే పెట్టాడు. "నిన్నటిది అక్కయ్యగారిది ఒకటి. ఇవాళ్టిది నాది ఒకటి. రెండయ్యాయి. జంట తుమ్ము శుభమని నువ్వే అంటావుగా అక్కా?"

"ఇద్దరివీ కలిపి లెక్కేస్తారా ఎక్కడన్నా?"

"వియ్యాలవారం అయ్యాక ఇంకా వేరు లెక్కలేంటే?" అన్నాడు పానకాలు.

దానికి కోటేశ్వరి దగ్గర గట్టి సమాధానమే ఉండి ఉండాలి. అది చెప్పడానికి ఊపిరి పీల్చింది. అంతే. ఇందాకటినుంచి ఆపుకున్నదంతా ఒక్కసారి బయటకొచ్చింది. ఒకటి. రెండు. ఇంకేం మాట్లాడుతుంది? "సరే కానివ్వండి," అని కళ్లు తుడుచుకుంటూ గోనెసంచి మీద కూలబడింది. సురేంద్ర ధనశ్రీకి ఫోన్ చేసి, "అమ్మా, అందరూ తుమ్మారు, ఇక భయం లేదు," అని చెప్పాడు. ఆ పిల్లకేమీ అర్థం కాలేదు గాని నవ్వేసింది. వెంకయ్య మాత్రం కూలివాళ్లను కూడా అడుగుతూ తిరుగుతున్నాడు, "ఇంతకీ మూతి ఎవరిది?" అని.

భోజనాలు చేసి వాళ్లు వెళ్లాక, సుబ్బరావమ్మ మరిదికి టీ తెచ్చిచ్చింది.

"తుమ్మొచ్చిన మాట నిజమేగా వదినా?" అన్నాడు సురేంద్ర.

"ముమ్మాటికీ నిజం." ఆవిడ గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "కాకపోతే తుమ్ము కంటే ముందు ఒక్క క్షణం... వంగపండు రంగువి నా దగ్గర నాలుగున్నాయిరా. ఇది ఐదోదా అనుకున్నాను."

"వదినా!"

"అరవకు. నేత మాత్రం బంగారం, పెళ్లికి అదే కడతా. ఆయన మనసు ఇంకోసారి కష్టపెట్టను. ఇంతకీ, మనసులో అనుకున్నది నీ కెమెరాలో పడదుగా?"

"పడదు వదినా."

"ఏమో, నాకు దాని మీద నమ్మకం లేదు," అని గ్లాసు తీసుకుని లోపలికెళ్లింది.

మే నెలలో పెళ్లయింది. వీడియో సురేంద్రే తీశాడు. మూడు గంటల వీడియోలో వంగపండు రంగు చీర కట్టుకున్న సుబ్బరావమ్మ పదకొండుసార్లు కనిపిస్తుంది. పదకొండుసార్లూ వెనకనుంచే.