పది స్పెల్లింగుల పుణ్యమా అని

ఇంటికి రేషన్ కార్డు లేకపోయినా ఫర్వాలేదు. వారానికి పది ఇంగ్లీషు స్పెల్లింగులు మాత్రం ఉండి తీరాలి.

శుక్రవారం డిక్టేషన్ టెస్టు కనిపెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు. తెలిస్తే భుజాల మీద ఎక్కించుకుని సింహాచలం మెట్లెక్కేవాణ్ణి!

నవ్వకండి. ఆ పది మాటల వల్ల సంసారాలకు జరిగిన మేలు ఒకటా, రెండా?

మా పేటలో కేబుల్ టీవీ వచ్చాక సాయంత్రం పూట ఇంట్లో మనిషి గొంతు వినబడేది కాదు. ఇప్పుడు గురువారం వస్తే చాలు, టీవీ కట్టేసి తల్లీ తండ్రీ కలిసి పిల్లల మీద అరుస్తున్నారు. కుటుంబమంతా ఒకచోట కూర్చోవడమంటే ఇదే కదా?

మా బావ త్రినాథరావు చీకటి పడేసరికి కాస్త పుచ్చుకుని వచ్చి, ఇంటిల్లిపాదికీ నీతులు చెప్పేవాడు. ఓ గురువారం మనవడు ఎదురొచ్చి, “తాతా, బ్యూటిఫుల్‌కి స్పెల్లింగు సెప్పు” అన్నాడు. ఆ దెబ్బతో గురువారాలు పుచ్చుకోవడం మానేశాడు. పుచ్చుకోవడం మానేశాడో, ఇంటికి రావడం మానేశాడో మరి. ఏదైతేనేం, ఇల్లు ప్రశాంతంగా ఉంది.

నా కోడలి అన్న గవర్రాజు ఉక్కునగరంలో ఉంటాడు. చెల్లెలి పెళ్లికి షిఫ్టు మార్చుకోనివాడు, గురువారం సాయంత్రం డ్యూటీ పడితే ఎవరి కాళ్లో పట్టుకుని మార్చుకుంటున్నాడు. కరిగిన ఇనుము పక్కన నిలబడి జంకని మనిషికి, కొడుకు చేత ‘వెన్స్‌డే’ రాయించేటప్పుడు దేవుడు గుర్తొస్తున్నాడట!

ఇక మా ఇంటి సంగతి. నేను మూడో తరగతితో బడికి దండం పెట్టి వల పట్టుకున్నవాణ్ణి. కొడుకు పోలిరాజు బోటెక్కితే పది పన్నెండు రోజులకు గాని ఒడ్డుకు రాడు. కోడలు నాగమణి మధ్యాహ్నం దాటితే చేపల తట్టతో బజారుకు పోతుంది. మనవరాలు సాయిదుర్గ రెండో క్లాసు, ఇంగ్లీషు మీడియం. సాయంత్రం ఇంట్లో మిగిలేది ఆ పిల్లా, నేనూ. అంటే స్పెల్లింగులు ఎవరి బాధ్యత? నాదే! ఇంత పెద్ద బాధ్యత ఈ వయసులో ఇంకెవరు ఇస్తారు చెప్పండి.

మూడు వారాలు వరసగా దుర్గకు పదికి నాలుగు దాటలేదు. టీచర్ డైరీలో ఏదో రాసి పంపింది. నాగమణి కూడబలుక్కుని చదివింది.

“మావా, ఈ శుక్రారం కూడా అయిదు రాకపోతే గుంటని ఫస్ట్ క్లాసులో కూకోబెడతారట.”

దుర్గ గోడవైపు తిరిగి పడుకుంది. పక్కింటి బాబీ చదివేది ఫస్ట్ క్లాసే. వాడి ముక్కు తుడిచి, చెయ్యి పట్టుకుని రోజూ బడికి తీసుకెళ్లేది ఇదే.

“బాబీగాడి పక్కన కూకోబెడితే నాను బడికెల్లను తాతా. నీతోటి వలకొచ్చెత్తాను.”

వలకు రావడం తప్పని నేననను. కానీ రెండో తరగతిలోనే రావడం తప్పు. నేనైనా మూడు దాకా చదివాను.

నాగమణి తట్ట ఎత్తుకునే ముందు ప్రతి ఇంగ్లీషు మాట కిందా తెలుగులో అక్షరాలు రాసిపెట్టింది. ఏడో మాట ఐలాండ్. దాని కింద ఐ, ఎస్, ఎల్, ఏ, ఎన్, డి. చదవడం వరకు నాకు వచ్చు. ఆ పిల్ల బుర్రలోకి ఎక్కించడం ఎలా?

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఒడ్డు మీద నిలబడి పెద్దవల లాగేటప్పుడు ఒకడు పిలుస్తాడు, మిగతావాళ్లు పలుకుతూ లాగుతారు. పలుకుకి ఒక లాగుడు. అలా పట్టుబడ్డ పాట అరవై ఏళ్లయినా పోదు. అటకమీంచి పాత తాడు తీశాను. ఒక కొస దుర్గకిచ్చి, రెండో కొస నేను పట్టుకున్నాను.

“ఐ.”

“హైలెస్సా.”

“ఎస్.”

“హైలెస్సా.”

మంగళవారానికి నాలుగు మాటలు ఒడ్డుకొచ్చాయి. బుధవారానికి వీధి పిల్లలంతా తాడు పట్టుకున్నారు. బాబీ నాయనమ్మ కాసులమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

“ఏటి బావా, సముద్రం అటుంటే నువ్విటు లాగుతన్నావు?”

“ఇంగ్లీసు పడతన్నాం.”

“పడితే ఓ పాలు మాక్కూడా పంపు. మావోడికీ వచ్చే ఏడు కావాల.”

గురువారానికి పదికి పది. శుక్రవారం దుర్గ నూనె రాసుకుని, జడలేసుకుని, బాబీని లాక్కుంటూ బడికి పోయింది.

పదకొండింటికి బడి ఆయా మా ఇంటికొచ్చింది. “తాతా, మిస్సు రమ్మంటన్నాది.”

క్లాసులో అరవై ఇద్దరు పిల్లలు. అనూరాధ మిస్సు చేతిలో సుద్దముక్క. దుర్గ కూర్చున్న బెంచీ ఉండాల్సిన వరసలో లేదు, మిస్సు బల్లను ఆనుకుని ఉంది. దాని మీద ఇంకో ఇద్దరు పిల్లలు బిక్కమొహాలతో కూర్చున్నారు.

“ఏం నేర్పారండీ పాపకి?” అంది మిస్సు. “ఒక్కో అక్షరానికీ ఎదర బల్ల పట్టుకుని లాగుతోంది. బెంచీ నడిచొచ్చేస్తోంది. చేతులు కట్టుకోమంటే ఒక్క అక్షరం గుర్తు రావట్లేదు.”

“మీరిచ్చినవే నేర్పానమ్మా.”

“నాలుగే రాసింది. ఇక నేనేం చెయ్యను?”

దుర్గ నా వైపు చూడలేదు. పుస్తకం వైపే చూస్తోంది.

నేను భుజం మీది తువ్వాలు తీశాను. ఒక కొస దుర్గ ఎడమచేతిలో పెట్టి, రెండో కొస పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. “ఇప్పుడు పిలవండమ్మా.”

మిస్సు సుద్దముక్క బల్ల మీద పెట్టి పుస్తకం తీసింది. మొదటి మాట పిలిచింది. దుర్గ ఎడమచేత్తో లాగింది, కుడిచేత్తో రాసింది. తొమ్మిదో మాట దగ్గర మిస్సు తల కూడా ఊగుతోంది. పదో మాటకు క్లాసంతా హైలెస్సా అంది.

పదికి పది! ఎర్రసిరాతో ‘గుడ్’. మనవరాలు రెండో క్లాసులోనే ఉంది. ఇప్పుడైనా ఒప్పుకుంటారా, స్పెల్లింగులు వరమని? సోమవారం నుంచి గురువారం దాకా బడి ఏం చేస్తుందని మాత్రం నన్ను అడగకండి. అరవై ఇద్దరి అటెండెన్స్ పిలవడానికే పొద్దు సరిపోతుంది.

ఇంటికొచ్చేటప్పుడు దారిలో అడిగాను. “ఐలాండంటే ఏటే?”

“ఏడోది తాతా.”

“ఏడోదే. దానర్థం ఏటి?”

“అర్థం టెస్టులో రాదు.”

వెక్కిరింపు కాదు. నిజంగా నాకు తెలియకే అడిగాను. వారం గడిచి బోటు ఒడ్డుకొచ్చాక పోలిరాజును అడిగితే చెప్పాడు. “సముద్రం మజ్జిన దిబ్బుంటాది కదయ్యా, సుట్టూ నీల్లు. లంక. అదే.”

లంకా! కుర్రతనంలో తుఫానుకు పడవ కొట్టుకుపోయి, నేనూ త్రినాథరావు బావా అండమాన్ దిక్కున అలాంటి దాని మీదే పడ్డాం. నాలుగు రోజులు కొబ్బరికాయలు కొట్టుకుని తిన్నాం, తెరచాప చింపి జెండా కట్టాం. అంటే ఏడోదాని మీద నాలుగు రోజులు బతికొచ్చిన మనిషిని, వారమంతా ఆ పిల్ల ఎదుటే కూర్చుని దాని అక్షరాలు పిలిచాను.

ఆ సాయంత్రమే దుర్గను పక్కన కూర్చోబెట్టుకున్నాను. “ఐలాండ్ కథ సెప్తాను, వింటావేటే?”

“అది పోయినవారంది తాతా,” అని తాడు కొస నా చేతిలో పెట్టింది. “ఈవారం పది వేరే ఉన్నాయి.”