చిన్నబాబుగారి ముక్కు

"నాతోపాటు ఒక సామాన్యుణ్ణి విదేశం తీసుకెళ్తున్నాను. విమానంలో నా పక్క సీటు అతనిదే" అని మంత్రిగారు పత్రికలవాళ్ళ ముందు ప్రకటించారు. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు ఆయన పి.ఏ. ఆ వాక్యం రాసిందీ అతనే, అందులోని సామాన్యుడూ అతనే.

మంత్రిగారికి ఈమధ్యే శాఖ ఊడింది. కాళ్ళకు అడ్డం పడకుండా పార్టీ పెద్దలు ఆయన్ని ఒక చలిదేశానికి రాయబారిగా వేశారు. పదవి పోయినా పిలుపు పోలేదు. ఇది ప్రమోషనే అని ఆయన చెప్పారు, పి.ఏ. అలాగే టైపు చేశాడు. ప్రభుత్వం మూడు టిక్కెట్లిచ్చింది: మంత్రిగారికి, అమ్మగారికి, పి.ఏ.కి. పి.ఏ. అద్దె ఇల్లు ఖాళీ చేస్తానని చెప్పేశాడు. ఇన్నేళ్ళూ అతన్ని "ఏమయ్యా, ఫైళ్ళు మోసేవాడా" అని పిలిచిన మామగారు స్వయంగా చారల ఉన్నికోటు కొనిచ్చారు.

అంతా సిద్ధం, ఒక్క చిన్నబాబుగారు తప్ప. ఆయన అమ్మగారి పగ్ కుక్క. ముడతల మొహం, నడిస్తే ఆయాసం, పడుకుంటే గురక. ఆ ఇంట్లో 'గారు' తగిలించకుండా పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన రాకపోతే అమ్మగారు రారు. అమ్మగారు రాకపోతే మంత్రిగారు కదలరు. మంత్రిగారు కదలకపోతే పి.ఏ. మామగారికి మొహం చూపించలేడు.

"చప్పిడిముక్కు జాతి కుక్కల్ని సామాన్ల అరలో ఎక్కించమండీ. ఊపిరాడక పోతాయి" అన్నాడు విమాన సంస్థ మేనేజరు.

పి.ఏ. ఆ మాట చేరవేస్తే మంత్రిగారికి కోపం వచ్చింది. "చప్పిడి అని ఎవడన్నాడు? ప్రతిపక్షమా?"

"మేనేజరండి."

"అయితే కమిటీ వెయ్యి."

పశువైద్యుల కమిటీ ఆ ముక్కుని అన్ని వైపులనుంచీ పరిశీలించి, మధ్యలో భోజనం చేసి, ఏకగ్రీవంగా తేల్చింది: ముక్కు పొట్టిది కాదు, మొహమే కాస్త ముందుకొచ్చింది. ఇంత నిష్పాక్షికమైన నివేదిక మంత్రిగారికి శాఖ ఉన్నరోజుల్లో కూడా రాలేదు.

మేనేజరు చదివి, మడిచి ఇచ్చేశాడు. "బాగా రాశారండీ. కానీ పైకెళ్ళాక కుక్క నివేదికతో ఊపిరి పీల్చదు కదా."

పి.ఏ. కౌంటరు పట్టుకుని వేలాడాడు. "మీ తమ్ముడనుకోండి. ఇల్లు కూడా ఖాళీ చేసేస్తున్నానండీ" అన్నాడు. మేనేజరు మనసు మెత్తబడింది. పైవాళ్ళకి ఫోన్లు చేసి ఒక దారి చూపించాడు: మనుషులతోపాటే కూర్చోబెట్టొచ్చు, కాకపోతే సొంత సీటుండాలి. పి.ఏ. ఆయన చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. ఆ సంబరంలో సీట్లు ఖాళీ ఉన్నాయా అని అడగడం మరిచిపోయాడు.

విమానాశ్రయంలో తెలిసింది, ఒక్క సీటూ ఖాళీ లేదని. అమ్మగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. మంత్రిగారు పి.ఏ. భుజం మీద చెయ్యివేశారు.

"నిన్నెప్పుడైనా పరాయివాడిలా చూశానా?"

"లేదండి."

"మరి సర్దుకుపోవాల్సింది సొంతవాళ్ళే కదా."

పి.ఏ. కళ్ళు చెమర్చాయి. ఎందుకో తేల్చడానికి అక్కడ కమిటీ లేదు. సరిగ్గా అప్పుడే చిన్నబాబుగారు తుమ్మారు. అమ్మగారు పి.ఏ. చేతిమీదున్న ఉన్నికోటు వైపు చూశారు.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. విమానంలో మంత్రిగారు, పక్క సీట్లో చారల ఉన్నికోటు. మంత్రిగారి భుజం అడ్డొచ్చి, కోటులో ఉన్నవారి మొహం పడలేదు. కింద 'మాట నిలబెట్టుకున్న నేత, పక్కనే సామాన్యుడు' అని రాశారు.

పి.ఏ. సామాన్లు కట్టేసిన ఇంట్లో మూట మీద కూర్చుని అది చదువుతుంటే అతని సెల్‌ఫోను మోగింది. పుట్టింటికి ఇంకా ఏమీ చెప్పని భార్య, ఎత్తకుండానే దాన్ని అతని చేతికిచ్చి పక్కకి తిరిగింది.

"పేపర్లో చూశాను, అల్లుడుగారూ" అన్నారు మామగారు. ఆ పిలుపు వినడం పి.ఏ.కి అదే మొదలు. "కోటు మీకు భలే నప్పింది. అక్కడ చలెలా ఉంది?"

"పరవాలేదండి" అన్నాడు పి.ఏ. "తట్టుకోవచ్చు."