మనోని తాగుడు

మెట్‌పల్లి పక్క పల్లెలో జైపాల్‌రావు ఆ పొద్దు ఒక్కటే పని పెట్టుకున్నాడు. పికప్పు తాగుడు తగ్గించాలి. మిలిటరీవాళ్లు వేలం వేస్తే కొన్న బండి అది. పసుపు బస్తాలు వేసుకుని అంగడికి పోయివస్తే సగం రాబడి పెట్రోలుకే పోతున్నది. అయినా దాని మీద ఆయనకు ప్రాణం. బండి అని కూడా అనడు, ‘మనోడు’ అంటాడు. పెట్రోలు ఆదా చేసే మిస్త్రీ మెట్‌పల్లిలో ఉన్నాడని విని కబురు పెట్టాడు.

వచ్చింది మాత్రం మిస్త్రీ కాదు, మగ్గం నేసే సాంబయ్య. తన బిడ్డ బాలలక్ష్మిని జైపాల్‌రావు డ్రైవరు హనుమంతుకు ఇద్దామని ఆయన ఆలోచన. పిల్లవాడి గుణం యజమానినే అడిగి, సాయంత్రం ఖాయం చేసుకుందామని వచ్చాడు. అప్పటికి జైపాల్‌రావు తల బానెట్ కింద ఉంది.

“మెట్‌పల్లి నుంచి వచ్చిన దొరా. మీకాడున్నోని సంగతి అడుగుదామని.”

“మంచిగ వచ్చినవ్. ఏం చెప్పాలె, మనోడు తాగుడు మరిగిండు.”

సాంబయ్య ఒక అడుగు దగ్గరికి జరిగాడు. “బాగ తాగుతడా దొరా?”

“ఎంత పోసినా తాగుతడు. పొద్దుగాల పొయ్యకుంటే కదలనే కదలడు.”

“పొగ గిట్ల?”

“వాడకట్టంత దగ్గుతది. జర ఎత్తు కనవడితె ఆగిపోతడు, నలుగురు ఎన్కనుంచి నూకాలె.”

“వయసుల ఉన్నోడన్నరు గద.”

“ఎవడన్నడు? లడాయిల తిరిగొచ్చిండు. లోపల అన్ని అరిగినయ్. పైకి రంగేసినం, గంతే. ఇగ నువ్వే జర బాగుచెయ్యాలె.”

“నాతోని గాదు దొరా,” అని సాంబయ్య కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. ముట్టుకోకుండానే పోయాడు, ఏం మిస్త్రీయో అని జైపాల్‌రావు విసుక్కున్నాడు.

మధ్యాహ్నానికి సంబంధం తప్పిందన్న కబురు హనుమంతు తల్లి ఐలవ్వకు చేరింది, దొర చెప్పిన కారణంతో సహా. ఆమె చీపురు పట్టుకుని వచ్చి కొడుకు నోరు వాసన చూసింది. పాపం, హనుమంతు అప్పుడే ట్యాంకులో పైపు పెట్టి పెట్రోలు నోటితో పీల్చి తీశాడు.

“గిదేం సారరా, గింత ఘాటుగున్నది,” అంటూ ఐలవ్వ రెండు తగిలించింది.

హనుమంతు పరుగెత్తి దొరసాని నిర్మలాదేవి ముందు కూలబడ్డాడు. “బాలలక్ష్మి గాకుంటే నాకు లగ్గమే వద్దు దొరసానీ.” వాడి కళ్లలో నీళ్లు చూసి ఆమె మనసు కరిగింది. భర్తను పిలిచి పొద్దున ఎవరితో ఏం మాట్లాడారో అడిగింది, విని నెత్తి కొట్టుకుంది.

“బండి గుణాలన్ని పిల్లగానికి అంటగట్టిన్రు. పోయి చెప్పి రాపోన్రి.”

హనుమంతు నడుపుతుంటే పికప్పు సాంబయ్య వాకిలి ముందరి ఎత్తు మీద గుప్పున పొగ వదిలి ఆగింది. సాలెవాళ్లు నలుగురు వచ్చి నూకారు. జైపాల్‌రావు దిగి బానెట్ మీద చెయ్యేసి సిగ్గుపడుతూ, “ఇగో సాంబయ్యా, మనోడంటే వీడు,” అన్నాడు. సాంబయ్య పొగ చూశాడు, పెచ్చులూడిన రంగు చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగాడు.

“అయితే పిల్లగాడు తాగడా?”

“చుక్క ముట్టడు.”

“ఒక్క చుక్క గూడనా?” సాంబయ్య మొహం మళ్లీ మాడింది. “మరి సంబంధం కుదిరినంక ఒప్పుకోలు కల్లు ఎవలతోని తాగాలె దొరా? మా సుట్టాలేమంటరు?”

అంతా అయిపోయిందనుకున్నాడు హనుమంతు. మగ్గం చాటు నుంచి బాలలక్ష్మి సన్నగా అంది, “ఒక్క ముంతకేమైతది.” వాడు సాంబయ్య అందించిన ముంతను కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు.

లగ్గం అయ్యాక కొత్త జంటను ఎక్కించుకుని పికప్పు మెట్‌పల్లిలో కదలనంది. జైపాల్‌రావు పెట్రోలు తెప్పించబోతే, “మా సుట్టాలున్నరు గద,” అన్నాడు సాంబయ్య. కల్లు మీదున్న రెండు వైపుల చుట్టాలూ పాడుకుంటూ ఊరి దాకా నూకారు. ఆ రోజు చుక్క ముట్టకుండా ఇల్లు చేరింది మనోడొక్కడే.