ఇది చదువుతున్న ప్రభుత్వం వారికి

మదనపల్లెలో దారాలు, గుండీల అంగడి నడిపే ముద్దుకృష్ణకు రెండు వేల తొమ్మిదిలో రెండు కొత్త సంగతులు వచ్చిపడ్డాయి. ఒకటి చక్కెర జబ్బు, రెండోది ఈమెయిలు. మొదటిదాన్ని డాక్టరు కనిపెట్టాడు. రెండోదాన్ని భార్య కమలాక్షి, తను పాఠాలు చెప్పే బడిలోని కంప్యూటరు మీద తెరిచి ఇచ్చింది.

జబ్బు బయటపడిన రోజే ఇంట్లో చక్కెర డబ్బా బీరువాలోకి పోయింది. కమలాక్షివి పేరుకు తగ్గ కళ్లు. మొగుడి మీసానికి అంటిన కోవా రేణువును వీధి మలుపులోనే పట్టేసేవి.

అందుకని ముద్దుకృష్ణ, కుప్పంలో గ్రానైటు రాళ్ల ఫ్యాక్టరీ గుమాస్తాగా ఉన్న పాత స్నేహితుడు మునెప్పతో కలిసి ఓ పథకం వేశాడు. ప్రతి శుక్రవారం అతను పుంగనూరు దర్జీలకు దారాలు ఇచ్చి రావడానికి వెళ్తాడు. అదే రోజు మునెప్ప అక్కడి అత్తగారింటికి వస్తాడు. బస్టాండులో మిఠాయి చేతులు మారుతుంది. ఫోనులో మాట్లాడితే ఇంట్లోనో అంగట్లోనో ఎవరో ఒకరు వింటారు కాబట్టి కబురంతా ఈమెయిల్లోనే, అదీ మారుపేర్లతో. లడ్డు అంటే గుండు. జిలేబీ అంటే తీగ. మైసూరుపాకు అంటే ఇటుక.

ఆరు వారాలు దివ్యంగా సాగింది. ఏడో వారం పేపర్లో ఓ వార్త పడింది. అవసరమనుకుంటే ఇంటర్నెట్లో ఎవరి ఉత్తరాలైనా చూసే అధికారం ప్రభుత్వానికి వచ్చిందట.

"సూసుకోనీలే. మన ఉత్తరాల్లో దాయాల్సింది ఏముంటాది?" అంది కమలాక్షి.

ముద్దుకృష్ణ కాఫీ సగంలో వదిలేసి ఇంటర్నెట్ సెంటరుకు పరుగెత్తాడు. కిందటి వారం మునెప్ప రాసిన ఉత్తరం తెరిచాడు. "తొమ్మిది గుండ్లు, రెండు చుట్టల తీగ రెడీ. శుక్రవారం పుంగనూరు బస్టాండు. ఎవురి కంటా పడొద్దు." తానే పోలీసై ఉంటే, తనను తానే పట్టుకుపోయేవాడు.

అక్కడే కూర్చుని ఒంటి వేలితో గంటసేపు కొట్టాడు: "ఇది చదువుతున్న ప్రభుత్వం వారికి నమస్కారం. గుండు అనగా లడ్డు. తీగ అనగా జిలేబీ. ఇటుక అనగా మైసూరుపాకు. దేశానికి ప్రమాదం లేదు. నాకే ఉంది, చక్కెర జబ్బు." అప్పట్నుంచి మునెప్పకు రాసే ప్రతి ఉత్తరం కిందా దీన్నే తగిలించాడు.

మునెప్ప అంగడికి ఫోను చేశాడు. "ఏమప్పా, గుండు అంటే లడ్డని నాకే చెప్తాండావా? ఆ పేరు పెట్టిందే నేను!"

"నీకు గాదప్పా, ఆయప్పకు."

"ఏ అప్పకు?"

"మనతో పాటు చదువుతాండాడే, ఆయప్పకు."

మునెప్ప తన కుర్చీ వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

నాలుగో రోజు జవాబొచ్చింది. పంపినవారి పేరు దగ్గర 'ప్రభుత్వం' అని ఉంది. "అర్జీ చేరినది. ఇకపై గుండ్లు, తీగ, ఇటుకలు నిషేధము. ప్రతి ఉదయం గంటసేపు నడవవలెను. మీపై ఒక కన్ను ఉన్నది."

మర్నాడు తెల్లవారగానే ముద్దుకృష్ణ చెప్పులు వేసుకున్నాడు.

"ఇంత పొద్దున్నే యాడికి?" అంది కమలాక్షి.

"పైనుంచి ఆర్డరు."

"ఏ పైనుంచి?"

అతను ఆకాశం వైపు వేలు చూపించాడు. "భక్తి మంచిదేలే," అంటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

వారానికి ఇంకో ఉత్తరం వచ్చింది: "దాచిన సరుకు ఉన్నచో తెలుపవలెను." నిజం రాసేశాడు: అంగట్లో నల్లదారం పెట్టెలో నాలుగు ఇటుకలు. రెండో రోజు పెట్టె తెరిస్తే దారమే ఉంది. ముద్దుకృష్ణ నోరు తెరుచుకుపోయింది. వీధి దీపం కోసం మూడేళ్లుగా అర్జీలు పెడుతున్నా పలకని ప్రభుత్వం, మైసూరుపాకు కోసం ఇంత చురుగ్గా వచ్చిందా!

నెల తిరిగేసరికి చక్కెర తగ్గిందన్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే మరో ఉత్తరం: "రక్తపరీక్ష తృప్తికరము. ఇంటికి వచ్చునపుడు కరివేపాకు తేవలెను. లేతది. మొన్నటి మాదిరి పురుగాకు తేవద్దు."

ప్రభుత్వానికి కరివేపాకు ఎందుకు? రెండుసార్లు చదివాడు. పురుగాకు సంగతి దానికెలా తెలిసింది? మూడోసారి చదివాక చెవులు వేడెక్కాయి. లేచి నేరుగా మార్కెట్టుకు నడిచాడు.

కమలాక్షి ఆకు తిప్పి తిప్పి చూసింది. ముద్దుకృష్ణ తల దించుకుని, "నా ఉత్తరాలు నువ్వు ఎట్ల చదివినావు?" అన్నాడు.

"తెరిచిచ్చిందే నేను. పాస్‌వర్డుగా నా పేరే పెట్టుకుంటివి. ఆ గుండ్లు, తీగ సంగతి చూసి రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. స్టేషనుకు పోదామని బయల్దేరినా. అంతలో నువ్వే లడ్డని రాస్తివి. బతికిపోతివి."

ముద్దుకృష్ణ ఆమె పక్కన కూర్చుని ఆకు దూయసాగాడు. కొంతసేపటికి నెమ్మదిగా, "వచ్చే నెల మన పెళ్లిరోజు. ఒక్కటంటే ఒక్క లడ్డు..." అన్నాడు.

"నోటితో అడిగితే చెల్లదు. రాసి పంపు, విచారిస్తాం," అంది ప్రభుత్వం, పోపు వేస్తూ.

ముద్దుకృష్ణ చేతులు కడుక్కుని, ఇంటర్నెట్ సెంటరుకు బయల్దేరాడు.