గోచికి నాటకీయ ప్రయోజనం

నాటకీయ ప్రయోజనం ఉంటే తప్ప రంగస్థలం మీద నగ్నత్వం చెల్లదని మంత్రిగారు జహీరాబాద్‌లో ప్రకటించారు. ఆయన వచ్చింది పశువుల సంత ప్రారంభించడానికి. అయినా కళల మీద దయ తలిచారు. బట్టల వ్యాపారిని కనుక ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. జనం గుడ్డ కట్టాలనే విధానం ఎవరు తెచ్చినా నాకు గిట్టుబాటే.

చిక్కు ఆ సాయంత్రం నాటకంతో వచ్చింది. మంత్రిగారి గౌరవార్థం యువజన సంఘం కరువు మీద నాటకం వేస్తోంది. అందులో రైతు వేషం రాయికోడ్ వైపు కూలీ నర్సింలుది. ఒంటి మీద గోచి తప్ప మరేం లేదు. వేషం కోసం కాదు, అతనికి ఉన్నదే అంత. వాళ్ల ఊరి బావి ఎండిపోయింది. కొత్త బావి అడుగుదామని మంత్రిగారు దిగిన డాక్‌బంగళాకు పోతే, గోచితో రాకూడదని పోలీసులు తరిమారు. స్టేజీ ఎక్కితేనైనా మంత్రిగారి కంట పడతానని వేషానికి ఒప్పుకున్నాడు.

గోచి నగ్నత్వం కిందికి వస్తుందో లేదో తేల్చడానికి తహసీల్దారు అమర్నాథ్‌గారు సబ్‌కమిటీ వేసి, నన్ను ఎక్స్‌పర్టుగా పిలిచారు. పంచె కట్టిస్తే మేలని, నా దగ్గర మంచి సరుకుందని సలహా ఇచ్చాను. కట్టించి చూశారు. సంఘం సెక్రటరీ శివరాజ్ పెదవి విరిచాడు.

"గిట్లయితే కరువు కనబడ్తలేదు సార్. కాంట్రాక్టర్ లెక్క కనబడ్తున్నడు."

పంచె విప్పించారు. గోచికి నాటకీయ ప్రయోజనం ఉందని కమిటీ తీర్మానించింది. అలాంటి గోచులతోనే నాటకం చూడవచ్చిన న్యాల్‌కల్ రైతులను మాత్రం గేటు దగ్గరే ఆపేశారు. వాళ్లకు ప్రయోజనం లేదు.

నాటకం మధ్యలో నర్సింలు పాఠం వదిలేసి, స్టేజీ అంచుకు వచ్చి చేతులు జోడించాడు.

"దొరా, మా ఊళ్లె తాగనీకి నీళ్లు లెవ్వు. జర ఒక బాయి తవ్విపియ్యిన్రి. నీ కాల్మొక్త."

మంత్రిగారు కళ్లు ఒత్తుకున్నారు. ఇంత సహజ నటన తాను హైదరాబాద్‌లో కూడా చూడలేదన్నారు.

"నేను నాటకం ఆడ్తలేను దొరా. నిజంగనే అడుగుతున్న."

"చూసిన్రా," అన్నారు మంత్రిగారు తహసీల్దారుతో. "ఇంకా వేషంలనే ఉన్నడు."

సభంతా లేచి చప్పట్లు కొట్టింది. ఇంతటి నటుణ్ణి కన్న ఊరికి ఏదైనా చేయాలని మంత్రిగారు అక్కడికక్కడే ఆర్డరు వేశారు. ఆ ఊరికి సిమెంటు రంగస్థలం శాంక్షనైంది.

తెర గుడ్డ సప్లై నాదే కనుక పని చూడబోయాను. పునాది తవ్వుతుంటే నీళ్లు ఊరాయి. నర్సింలు గోతిలోకి దిగి దోసిలితో తాగి, కడవ తెమ్మని భార్య నారమ్మకు కేకేశాడు. నీళ్లుంటే స్టేజీ కుంగుతుందని ఇంజనీరుగారు మేస్త్రీని మందలించారు. నారమ్మ వచ్చేసరికి గోతిలో కంకర పోసి దిమ్మిసతో చదునుగా కొట్టేశారు.

ఆమె ఖాళీ కడవను దాని మీద దించింది. ఏమాత్రం ఒరగలేదు. అంత సమంగా చేశారు.